ఎలక్ట్రిక్ కారు వచ్చాక కరెంటు మీటరు పెరిగింది. మరి ఇది పొదుపేనా?

లెక్కలపిచ్చి:
"కారు మార్చాక యూనిట్లు పెరిగాయి, ఇదేం ఆదా?" అనే వాదన తరచూ వినిపిస్తోంది. పెట్రోలు ఇంటి మీటర్లో తిరగదు కాబట్టి దాన్ని ఎవరూ ఇంటి వాడకం కింద కట్టరు. తిరకాసంతా అక్కడే. లీటరు పెట్రోల్లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. 60 వాట్ల పాత బల్బు తీసేసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టి రోజుకు 5 గంటలు వెలిగిస్తే నెలకు మిగిలేది ఏడున్నర యూనిట్లు. అంటే లీటరు పెట్రోలంత కూడా కాదు. 100 కిలోమీటర్లకు 6.5 లీటర్లు తాగే కారు నెలకు 1000 కిలోమీటర్లు తిరిగితే 65 లీటర్లు, యూనిట్లలో 580 పైమాటే. అదే దూరానికి ఎలక్ట్రిక్ కారు సాకెట్ నుంచి లాగేది సుమారు 170. మీటరు పెరుగుతుంది, మొత్తం వాడకం మాత్రం మూడో వంతుకు పడిపోతుంది. మారడమే మేలని నా వాదన.

బొగ్గుబాయి:
సగం లెక్క చెప్పి ఆపేశారు. ఆ 170 యూనిట్లు సాకెట్లో పుట్టవు కదండీ. బొగ్గు కేంద్రంలో పుట్టిన వేడిలో కరెంటయ్యేది మూడో వంతు, మహా అయితే ఇంకాస్త. తీగల్లో పోయేదీ కలిపితే యూనిట్‌కు ఉజ్జాయింపుగా కిలో కార్బన్ డయాక్సైడ్. పూర్తిగా బొగ్గు కరెంటే అనుకుంటే 100 కిలోమీటర్లకు 17 కిలోలు. పెట్రోలు కాలితే లీటరుకు 2.3 కిలోల చొప్పున 15. చమురు తవ్వకం, శుద్ధి, రవాణా పేరిట ఇంకో అయిదో వంతు వేసుకోండి, 18. తేడా ఎంతని? బ్యాటరీ తయారీలో వెలువడింది ఇంకా కలపనేలేదు. జలవిద్యుత్తో సోలారో ఎక్కువగా ఉన్నచోట ఎలక్ట్రిక్‌దే పైచేయి, కాదనను. కరెంటు ఎక్కడిదో అడగకుండా తీర్పు చెప్పేయడమే నాకు నచ్చనిది.

రెండుచక్రాలు:
ఇద్దరూ కారు దిగడం లేదు! 70 కిలోల మనిషి కోసం టన్నున్నర బరువు కదిలించాలా అన్నది అసలు ప్రశ్న. 100 కిలోమీటర్లకు 2 లీటర్లు తాగే పెట్రోలు స్కూటరు, శుద్ధి ఖర్చు కలిపినా అయిదున్నర కిలోల దగ్గర ఆగుతుంది. ఎలక్ట్రిక్ స్కూటరుకు మూడున్నర యూనిట్లు చాలు కాబట్టి అచ్చంగా బొగ్గు కరెంటైనా మూడున్నర కిలోలే. బొగ్గుబాయి గారి లెక్క కార్ల దగ్గర తేలకపోయినా స్కూటర్ల దగ్గర తేలిపోయింది. ఒక్కరే వెళ్లే పనికి పాత పెట్రోలు స్కూటరు కూడా 17 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క తేలిన ఆ కారు ముందు మూడో వంతే.

పొగగొట్టం:
కార్బన్ ఒక్కటే చూస్తే స్కూటరు గెలుస్తుంది, సరే. ఊపిరితిత్తుల మాటేమిటి? పాత టూ స్ట్రోక్ బండి పెట్రోలుతోపాటు ఆయిలూ కాలుస్తుంది, కాలని ఇంధనం కొంత సైలెన్సర్ గుండా అలాగే బయటికి పోతుంది. కిలోమీటరుకు అది వదిలే హైడ్రోకార్బన్లు మంచి కండిషన్లో ఉన్న కారుకన్నా ఎక్కువ. కారుకూ ఒక లొసుగుంది. పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ 250, 300 డిగ్రీలకు చేరేదాకా సరిగా పనిచేయదు. చల్లటి ఇంజను ఇంధనం ఎక్కువ కలుపుకుని నడుస్తుంది. రెండు కిలోమీటర్ల అవతలి దుకాణానికి కారు తీస్తే అది వేడెక్కేలోపే దుకాణం వచ్చేస్తుంది. అలాంటి పనులకు సైకిలో, కాళ్లో. దీనిమీద వాదన కూడా అనవసరం.

బస్సుపాసు:
బస్సును మరిచారు. 100 కిలోమీటర్లకు 28 లీటర్ల డీజిలు, అంటే 74 కిలోల కార్బన్ డయాక్సైడ్. 40 మంది ఎక్కితే తలా 2 కిలోల లోపే. అయిదుగురే ఉంటే తలా 15, దాదాపు కారుతో సమానం. అయినా ఖాళీ బస్సు దండగ అనడం తప్పు. ఎలాగూ నడిచే బస్సులో మీరొకరు ఎక్కినంత మాత్రాన అదనంగా కాలే డీజిలు చెప్పుకోదగ్గది కాదు.

లెక్కలపిచ్చి:
రెండుచక్రాలు గారి మాటకు ఎదురు చెప్పను, ఒక్కరి ప్రయాణానికి కారు బరువే. నలుగురు కలిసి వెళ్తే మాత్రం అదే 17 కిలోలు తలా నాలుగుంబావుకు దిగుతుంది, అదీ చూడండి. ఇక కొలిచేటప్పుడు జరిగే పొరపాట్లు. డాష్‌బోర్డు చూపే అంకెలో చార్జర్ దగ్గర వేడిగా పోయింది ఉండదు, సాకెట్ దగ్గరే సబ్‌మీటరు పెట్టండి. 2 కిలోవాట్లతో మెల్లగా చార్జ్ చేస్తే కారు లోపలి పంపులు, కంప్యూటర్లు అంతసేపూ రెండు మూడు వందల వాట్లు తింటూనే ఉంటాయి, అందుకే 7 కిలోవాట్ల చార్జర్ కన్నా వృథా ఎక్కువ. పెట్రోలు బండికైతే నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగగానే ఆపించి ట్రిప్ మీటరు సున్నా చేయాలి. ఒక్క ట్యాంకుతో మైలేజీ తేల్చొద్దు, నాజిల్ ప్రతిసారీ ఒకేచోట ఆగదు. మూడు నాలుగు నింపుళ్ల దూరం, లీటర్లు కూడి భాగించాలి. టైర్ల గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి, డ్రైవరు తలుపు పక్కనుండే స్టిక్కర్ ప్రకారం పట్టించాలి. టైరు మీద అచ్చయిన అంకె గరిష్ఠ పరిమితి, చాలామంది దాన్నే కొలతగా తీసుకుంటారు.

బొగ్గుబాయి:
సబ్‌మీటరు మాట బాగుంది. దానితోపాటు ఏ వేళకు చార్జ్ చేస్తున్నారో కూడా రాసుకోండి. మంచి ఎండలో కిలోవాటు సోలారు రోజుకు 4 యూనిట్లిస్తుంది, లెక్కకు కిలోవాటున్నర పెడితే నెలకు 170 వచ్చేస్తాయి. కానీ పగలు కారు ఆఫీసు దగ్గరుంటుంది. రాత్రి ఇంటికొచ్చి ప్లగ్ పెడితే కారులోకి వెళ్లేది గ్రిడ్ కరెంటే.