డిజైన్ రిజిస్టరైన పెట్టెను కాపీ కొట్టారు, దావా నిలుస్తుందా?

భీమవరం పరిసరాల్లో రొయ్యల చెరువు గట్ల మీద పెట్టే అలారం పెట్టె గురించి సలహా కావాలి. కరెంటు పోయి, చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రైతు ఫోన్‌కు కాల్ వెళ్తుంది. లోపలి సర్క్యూట్ అందరూ వాడేదే, పేటెంట్ లేదు. బయటి రూపానికి మాత్రం డిజైన్ల చట్టం, 2000 కింద రిజిస్ట్రేషన్ ఉంది: పెంకుటింటి చూరులా ముందుకు వాలిన మూత, దాని కింద ఏటవాలుగా మూడు లైట్ల గాట్లు. ఇప్పుడు పాలకొల్లు షాపుల్లో అచ్చం అలాంటిదే వేరే పేరుతో దొరుకుతోంది. గాట్ల వాలు కూడా మారలేదు, రంగు ఒక్కటే వేరు.

డిజైన్ కాపీపై దావాకు వీలిచ్చే సెక్షన్ 22 కింద జిల్లా కోర్టుకు వెళ్దామంటే రెండు చిక్కులున్నాయి. రిజిస్ట్రేషన్ అప్లికేషన్‌కు 19 రోజుల ముందే అసలు పెట్టె తయారుచేసే యూనిట్ వాళ్లే దాని ఫొటోను రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ముందే ప్రచురితమైన డిజైన్‌కు సెక్షన్ 4 ప్రకారం రిజిస్ట్రేషన్ చెల్లదు. అవతలివాళ్లు ఇదే పట్టుకుంటే కేసు హైకోర్టుకు బదిలీ అవుతుంది. దీనికన్నా భయం రెండోది: మూత వాలు వాన నీరు జారడానికే, అది పనితనమే తప్ప రూపం కాదు, కాబట్టి డిజైన్ రక్షణ లేదంటే?

సభ్యులకే కనిపించే గ్రూపులో ఫొటో ప్రచురణ కిందికి వస్తుందా? వేరే ఆకారాల మూతలతోనూ నీరు జారుతుందని నమూనాలు చూపిస్తే కోర్టు వింటుందా? విడిగా నష్టపరిహారం కోరకుండా చట్టం ప్రకారం నేరుగా రాబట్టే సొమ్ము ఒక్కో ఉల్లంఘనకు 25,000 రూపాయలు మించదు, డిజైన్ మొత్తానికి 50,000. అందుకే ముందు అమ్మకాలు ఆపించే ఇంజంక్షన్ కావాలి. ఫోన్ల డిజైన్లు, పేటెంట్ల మీద యాపిల్, శాంసంగ్ కేసు 2011లో మొదలై 2018లో రాజీ అయింది. చిన్న యూనిట్ అన్నేళ్లు తట్టుకోలేదు. బిల్లుతో కొన్న కాపీ పెట్టె కాక ఇంకేం ఆధారాలు సిద్ధం చేయాలో ఇలాంటి కేసు నడిపినవారు చెప్పండి.