యూనివర్సిటీ వీసీని (వైస్ చాన్సలర్‌ని) ఎవరు నియమించాలి? గవర్నరా, రాష్ట్ర ప్రభుత్వమా?

పాత విద్యార్థి:
యూనివర్సిటీలను నియంత్రించే కేంద్ర సంస్థ యూజీసీ 2025 జనవరిలో వీసీల నియామకంపై ఒక ముసాయిదా విడుదల చేసింది. దాని ప్రకారం వీసీ పదవికి పేర్లు సూచించే సెర్చ్ కమిటీలో చాన్సలర్ నామినీ ఒకరు, యూజీసీ నామినీ ఒకరు, యూనివర్సిటీ పాలకమండలి నామినీ ఒకరు ఉంటారు. రాష్ట్ర ప్రభుత్వానికి అందులో చోటే లేదు. చాలా రాష్ట్రాల్లో గవర్నరే చాన్సలర్ కాబట్టి ముగ్గురిలో ఇద్దరు ఢిల్లీ వైపు మనుషులే అవుతారు. తమిళనాడు, కేరళ, కర్ణాటక, తెలంగాణ ఈ ముసాయిదాను వ్యతిరేకించాయి. వాళ్లది న్యాయమే అంటాను. ఈ యూనివర్సిటీలు పుట్టింది శాసనసభ చట్టంతో, జీతాలు వచ్చేది రాష్ట్ర ఖజానా నుంచి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగితే పిల్లలు నిలదీసేది ముఖ్యమంత్రినే కానీ గవర్నర్‌ని కాదు. గవర్నర్లకు చాన్సలర్ లాంటి బాధ్యతలు వద్దని కేంద్ర-రాష్ట్ర సంబంధాలపై వేసిన పూంఛీ కమిషన్ 2010లోనే చెప్పింది. మీరేమంటారు?

రిటైర్డ్ ప్రొఫెసర్:
జీతం వాదన నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు బాబూ. హైకోర్టు జడ్జీల జీతాలు కూడా రాష్ట్ర ఖజానా నుంచే వెళ్తాయి. అలాగని వాళ్లను ముఖ్యమంత్రి నియమించడు కదా.

ప్రభుత్వం చేతికిస్తే ఏమవుతుందో కేరళలో చూశాం. అక్కడి టెక్నలాజికల్ యూనివర్సిటీకి సెర్చ్ కమిటీ ఒకే ఒక్క పేరు పంపింది. మూడు నుంచి ఐదు పేర్లు ఉండాలన్న యూజీసీ నిబంధన పాటించలేదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నియామకం కొట్టేసింది. మరుసటి ఏడాది నవంబరులో కన్నూర్ వీసీ పునర్నియామకం కూడా పోయింది. సంతకం చేసింది గవర్నరే అయినా నిర్ణయం ప్రభుత్వానిదని కోర్టు తేల్చింది.

మన దగ్గరికి వద్దాం. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే వీసీలు వరుసగా రాజీనామా చేశారు. మూడేళ్ల పదవీకాలం అని చట్టంలో రాసుకున్నాం, కానీ అది ఎన్నికల ఫలితాలు వచ్చేదాకే. ఇదే నేలమీద 1930లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్రా యూనివర్సిటీ) తొలి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి గారు కూడా రాజీనామా చేశారు. జాతీయోద్యమాన్ని ప్రభుత్వం అణచివేస్తున్నందుకు నిరసనగా చేసిన రాజీనామా అది. 1936లో అదే పదవికి తిరిగి వచ్చి చాలా ఏళ్లు పనిచేశారు. ఆ తేడా తలచుకుంటే నాకు బాధేస్తుంది.

కాంట్రాక్టు లెక్చరర్:
సార్, మీరిద్దరూ కుర్చీలో కూర్చోబెట్టేది ఎవరని వాదిస్తున్నారు. కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు ఏం జరుగుతుందో నేను చెప్తాను.

తెలంగాణలో 2019లో వీసీల పదవీకాలం ముగిసింది. కొత్తవాళ్లు వచ్చింది 2021 మేలో. మళ్లీ 2024 మేలో ముగిస్తే అక్టోబరులో భర్తీ చేశారు. రెండుసార్లూ మధ్యలో ఐఏఎస్ అధికారులే ఇన్‌చార్జులు. రెండుసార్లూ వేర్వేరు పార్టీల ప్రభుత్వాలున్నాయి కాబట్టి దీన్ని ఒక పార్టీ తప్పు అనలేం.

అలాంటి ఇన్‌చార్జి పాలనలోనే నేను పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చాను. ఎగ్జామినర్ల ప్యానెల్ మీద వీసీ సంతకం కావాలి. ఇన్‌చార్జి గారికి సచివాలయంలో వేరే శాఖ ఉంది, క్యాంపస్‌కు ఎప్పుడో గానీ రారు. ఫైలు అక్కడికి వెళ్లి కూర్చుంది. నెలలు గడిచాయి. డిగ్రీ చేతికి రాక నేను ఒక నోటిఫికేషన్‌కు అప్లై చేసుకోలేకపోయాను. ఆ అధికారి చెడ్డవారు కాదు, ఆయనకు ఆ పని రెండోది, అంతే. నాకైతే అదొక్కటే పని.

వీసీ లేకపోతే పర్మనెంట్ పోస్టుల ఊసు ఎత్తేవాళ్లుండరు. మాలాంటివాళ్లను ఏటా రెన్యువల్ చేసి నడిపించేస్తారు. అందుకే నేను అడిగేది ఇది: పదవీకాలం ముగియడానికి ఆరు నెలల ముందే సెర్చ్ కమిటీ కూర్చోవాలని చట్టంలో రాయండి. కొత్త వీసీ వచ్చేదాకా సీనియర్ ప్రొఫెసర్‌కే బాధ్యత ఇవ్వాలని కూడా రాయండి.

పాత విద్యార్థి:
మేడమ్, మీ మాట కాదనలేను. కానీ ఆ ఖాళీలకు గవర్నర్ల పాత్ర కూడా ఉంది. మద్రాసు యూనివర్సిటీ వీసీ పదవీకాలం 2023 ఆగస్టులో ముగిసింది. సెర్చ్ కమిటీలో యూజీసీ నామినీ ఉండాలని గవర్నర్, అక్కర్లేదని ప్రభుత్వం పట్టుబట్టాయి, కుర్చీ ఏడాదికి పైగా ఖాళీ. బెంగాల్‌లో గవర్నర్ సొంతంగా తాత్కాలిక వీసీలను పెట్టారు. చివరికి 2024 జులైలో సుప్రీంకోర్టే మాజీ ప్రధాన న్యాయమూర్తి యు.యు. లలిత్ నేతృత్వంలో కమిటీ వేయాల్సి వచ్చింది. కమిటీ పేర్లను అక్షర క్రమంలో ఇవ్వాలి, ముఖ్యమంత్రి తన ప్రాధాన్య క్రమం చెప్పాలి, గవర్నర్ ఆ వరుసలో నియమించాలి. ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది.

రిటైర్డ్ ప్రొఫెసర్:
లలిత్ కమిటీ పద్ధతి మంచిదే. కానీ అక్కడ కమిటీని వేసింది కోర్టు. మన దగ్గర ఎవరు వేస్తారు? మన 1991 యూనివర్సిటీల చట్టంలో సెర్చ్ కమిటీకి పాలకమండలి నామినీ, యూజీసీ నామినీ, ప్రభుత్వ నామినీ అని ఉంది. చదవడానికి బాగుంటుంది. ఆ పాలకమండలిలో ఎవరున్నారో చూడండి. విద్యాశాఖ, ఆర్థికశాఖ కార్యదర్శులు, ప్రభుత్వం నామినేట్ చేసినవాళ్లు. అంటే యూనివర్సిటీ తరఫున అని మనం అనుకునే ఓటు కూడా సచివాలయానిదే. నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ పాలకమండలి మీటింగ్‌లో కార్యదర్శి వద్దన్నది నెగ్గడం చూడలేదు.

కాబట్టి గవర్నర్‌ని తీసేయాలంటే నాకు అభ్యంతరం లేదు, కానీ ముందు పాలకమండలిలో అధ్యాపకులు ఎన్నుకున్న సభ్యులు ఉండాలి. మేడమ్ చెప్పిన ఆరు నెలల గడువుకు నా పూర్తి మద్దతు.

కాంట్రాక్టు లెక్చరర్:
ఎన్నుకునే అధ్యాపకుల్లో మాకూ ఓటు ఉంటుందా సార్? చాలా డిపార్ట్‌మెంట్లలో క్లాసులు చెప్పేది మేమే.

రిటైర్డ్ ప్రొఫెసర్:
ఉండాలమ్మా. మీరు లేకుండా ఎన్నిక పెడితే, చాలా డిపార్ట్‌మెంట్లలో ఓటేసేది ఒకరిద్దరే అవుతారు.