“నాస్తికులు నశించాలి”: స్ముర్న కేకలోని మాటకు తెలుగేది?

ప్రశ్న: రెండో శతాబ్దంలో స్ముర్న (నేటి టర్కీలోని ఇజ్మీర్) బిషప్ పోలికార్పును చంపిన వైనం చెప్పే గ్రీకు లేఖను తెలుగు చేస్తున్నాను. అందులో జనం క్రైస్తవులను ‘అథెయోయ్’ అంటారు. నిఘంటువు ‘నాస్తికులు’ అంటోంది. పూటపూటా ప్రార్థన చేసేవాళ్లు నాస్తికులేమిటని పాఠకుడు తికమకపడడా? ‘దైవద్రోహులు’ అని మార్చనా?

జవాబు: మార్చకండి. ఆ తికమకలోనే అసలు సంగతి ఉందండీ.

మనిషి మనసులో ఏం నమ్ముతున్నాడో రోమన్లకు పెద్దగా పట్టలేదు. ఊరి దేవతలకు ధూపం వేస్తున్నాడా, బలుల్లో పాలు పంచుకుంటున్నాడా అన్నదే చూశారు. అది మానేస్తే దేవతలు అలుగుతారు, ఆ కోపం ఊరందరి మీదా పడుతుంది. రోములో టైబర్ నది పొంగినా, ఈజిప్టులో నైలు పొంగకపోయినా “క్రైస్తవులను సింహానికి వేయండి” అంటారని క్రైస్తవ రచయిత టెర్టుల్లియన్ వాపోయింది ఇందుకే. యూదులూ ఆ దేవతలకు మొక్కరు కదా అంటే, వాళ్లది తాతముత్తాతల నాటి ఆచారమని చాలావరకు ఓర్చుకున్నారు. క్రైస్తవులది నిన్నమొన్నటిది. రోమన్ రచయితలు టాసిటస్, ప్లినీ, స్యుటోనియస్ ముగ్గురూ దాన్ని ‘సూపర్‌స్టిషియో’ (మూఢాచారం) అనే ఈసడించారు. సుమారు 112లో బితూనియ గవర్నరుగా ఉన్న ప్లినీ, తాము క్రైస్తవులం కామన్నవాళ్లకు పెట్టిన పరీక్ష చూడండి: దేవతలను స్తుతించాలి, ట్రాజన్ చక్రవర్తి ప్రతిమ ముందు ధూపం వేసి ద్రాక్షారసం అర్పించాలి, క్రీస్తును దూషించాలి. ఏం నమ్ముతావన్న ప్రశ్న అందులో లేదు. మూడుసార్లు అడిగినా క్రైస్తవులమేనన్నవాళ్లకు మరణశిక్ష. రోమన్ పౌరులైతే రోముకు పంపాడు. వెతికి పట్టుకోవద్దు, ఆకాశరామన్న ఉత్తరాలు పట్టించుకోవద్దు అని ప్లినీ లేఖకు ట్రాజన్ బదులిచ్చాడు.

ఇక మన మాట. “నాస్తికో వేదనిందకః” అంది మనుస్మృతి. బౌద్ధులనూ జైనులనూ చార్వాకులనూ ఆ ఒక్క మాటతోనే వెలిపెట్టారు. అంటే ‘నాస్తికుడు’ కూడా మొదట్నుంచీ దేవుడు లేడనేవాడు మాత్రమే కాదు. నలుగురూ తలవంచేదానికి తలవంచనివాడు. ‘అథెయోస్’కు (‘అథెయోయ్’కి ఏకవచనం) ఇంతకన్నా దగ్గరి మాట నాకు కనిపించలేదు.

లేఖలో ఆ ఘట్టం చూడండి. “సీజరు అదృష్టదేవత మీద ఒట్టు పెట్టు, ‘నాస్తికులు నశించాలి’ అను” అంటాడు ప్రొకాన్సల్ (రోమన్ గవర్నరు) పోలికార్పుతో. ముసలాయన స్టేడియంలోని జనాన్ని తేరిపార చూసి, వాళ్లవైపు చెయ్యి ఊపి, నిట్టూర్చి, ఆకాశంకేసి చూసి ఆ మాటే అంటాడు. ఒక్క అక్షరం మారలేదు, గురి మారింది! ‘దైవద్రోహులు’ అంటే ఈ మలుపు సగం పోతుంది. ద్రోహికి కనీసం ద్రోహం చేయడానికైనా ఒక దేవుడుండాలి; పోలికార్పు దృష్టిలో ఆ జనానికి అసలు దేవుడే లేడు. ఆ కాలంవాడే అయిన క్రైస్తవ రచయిత జస్టిన్ ఈ నిందను నేరుగా ఒప్పుకున్నాడు: మీరు దేవుళ్లంటున్నవాళ్ల విషయంలో నాస్తికులమే, సత్యదేవుని విషయంలో కాదు అని.

మరొకరు: ఎఫెసీయులకు రాసిన పత్రిక 2:12లో ఇదే గ్రీకు మాటను తెలుగు బైబిలు ‘దేవుడు లేనివారు’ అంది. అది వాడితే?

జవాబు: మంచి ఆధారం అందించారు, ధన్యవాదాలు. పౌలు అక్కడ అన్యజనుల పూర్వస్థితిని చెబుతున్నాడు, గొంతులో జాలి ఉంది; ‘దేవుడు లేనివారు’ చక్కగా అమరింది. స్ముర్న జనానిది కసి. పైగా వాళ్లకు దేవతలు అనేకులు, ‘దేవుడు’ అనే ఏకవచనం వాళ్ల నోట పలకదు. ‘నాస్తికులు’ అనే ఉంచి, పౌలు మాటను పాదసూచికలో చూపండి. ఇక కేకలో ‘నశించాలి’ అన్నచోట గ్రీకులో ఉన్న ‘ఐరె’ అన్న క్రియకు ‘తీసెయ్’ అన్నది ముక్కస్య ముక్కార్థం. యోహాను 19:15లో యేసును చంపమన్న కేకలోనూ ఇదే ధాతువు. తెలుగు బైబిలు దాన్ని ‘సంహరించుము’ అంది. నేనైతే ‘నశించాలి’ అంటాను, గుంపు నోటికీ ముసలాయన నిట్టూర్పుకీ రెండింటికీ సరిపోతుంది కనుక.