మోటార్ ఆన్ అయితే చాలు, ఊనో నుంచి ఈఎస్‌పీ32కి వచ్చే సీరియల్ డేటా చెడిపోతోంది

బెంగళూరులో మా ఇంటి మేడ మీది ట్యాంకు దగ్గర నీటి లెవెల్ పంపే ఆర్డుయినో ఊనో, కింద సంపు దగ్గర దాన్ని అందుకునే ఈఎస్‌పీ32 పెట్టాను (రెండూ చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులు). మధ్య 15 మీటర్ల క్యాట్5 వైరు. ఊనో 11వ పిన్ (మామూలు పిన్‌ను సీరియల్ పోర్టులా వాడే సాఫ్ట్‌వేర్‌సీరియల్ లైబ్రరీతో) నుంచి ఈఎస్‌పీ32 జీపీఐఓ16 పిన్‌కి 9600 బాడ్‌లో (సెకనుకు 9600 బిట్ల వేగం) ప్రతి 2 సెకన్లకు "L:074" లాంటి ఒక లైను వెళ్తుంది. 5 వోల్టులను తగ్గించడానికి ఈఎస్‌పీ32 వైపు 1కే, 2కే రెసిస్టర్లు వేశాను. గ్రౌండ్ కలిపాను, అదీ టీఎక్స్ (డేటా పంపే వైరు) ఉన్న మెలిక జతలోనే.

టేబుల్ మీద చిన్న వైర్లతో రెండు రోజులు నడిపాను, ఒక్క తప్పు లేదు. ఇప్పుడు కూడా మోటార్ ఆగి ఉంటే బాగానే ఉంది. 1 హెచ్‌పీ మోటార్ తిరుగుతున్నప్పుడు మాత్రం నిమిషానికి వచ్చే 30 లైన్లలో పది, పన్నెండు పిచ్చి అక్షరాలే. సరిగ్గా అప్పుడే కదా నాకు లెవెల్ కావాల్సింది!

బాడ్ 2400కి తగ్గిస్తే కొంత మెరుగు, పూర్తిగా పోలేదు. ఈఎస్‌పీ32ని పవర్ బ్యాంకు మీద నడిపినా అదే తీరు, కాబట్టి అడాప్టర్ మీద నాకు అనుమానం లేదు. చెక్‌సమ్ (లైను చెడిందో లేదో తేల్చే అదనపు అంకె) పెడితే తప్పు లైన్లు దొరుకుతున్నాయి గానీ, సరైనవి ఆలస్యంగా వస్తున్నాయి.

ఈ వైరుతోనే మామూలు సీరియల్‌ని నిలబెట్టే మార్గం ఉందా, లేక రెండు వైపులా ఆర్‌ఎస్-485 మాడ్యూళ్లు (రెండు వైర్ల మధ్య తేడాగా సిగ్నల్ పంపి నాయిస్‌ను తట్టుకునేవి) పెట్టాల్సిందేనా?