వీఎం పడితే పావుగంటలో లేవాలట, బ్యాకప్ ఎలా సెట్ చేసుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే అండి. ఉద్యోగం మీద ఈ మధ్యే ఈ దేశం వచ్చాను. ఆఫీసులో సర్వర్లు చూసేది నేనొక్కడినే. ముఖ్యమైన వీఎం (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే వర్చువల్ కంప్యూటర్) ఏది పడినా పావుగంటలో లేవాలని మేనేజర్ అన్నారు. బ్యాకప్ రోజూ రాత్రి అవుతోంది. ఏ సాఫ్ట్‌వేర్ కొంటే మంచిదో చెప్పగలరా?

జవాబు:
తమ్ముడూ, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. ముందు లెక్క చూసుకో. ఒక గిగాబిట్ లింకు మీద సెకనుకు 110 ఎంబీ వస్తే గొప్ప. అంటే పావుగంటలో దిగేది 100 జీబీ. ఒక టీబీ డిస్కుకి రెండున్నర గంటలు. లింకు 10 గిగాబిట్ చేసినా, బ్యాకప్ పెట్టిన డిస్కులు అంత వేగంగా చదవలేకపోతే ఖర్చే మిగులుతుంది. కాబట్టి నీకు కావలసింది పూర్తి రీస్టోర్ (డేటా అంతా వెనక్కి తెచ్చాక లేపడం) కాదు, బ్యాకప్ ఫైలు మీదే వీఎంని బూట్ చేసే పద్ధతి. వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌స్టంట్ రికవరీ అంటారు, ప్రాక్స్‌మాక్స్ (వీఎంలు నడిపే ఒక సాఫ్ట్‌వేర్) వాళ్ల బ్యాకప్ సర్వర్‌తో అయితే లైవ్ రీస్టోర్. వీఎం ముందు లేస్తుంది, డేటా వెనకాల వస్తుంది.

ఇంకో మాట. పావుగంట అన్నది లేచే సమయం. ఎంత డేటా పోయినా ఫరవాలేదో కూడా అడిగి మెయిల్‌లో రాయించుకో. రాత్రి బ్యాకప్ ఒక్కటే ఉంటే, సాయంత్రం పడిన వీఎం ఐదు నిమిషాల్లో లేచినా నిన్న రాత్రి దగ్గరే లేస్తుంది.

జవాబు:
ఇన్‌స్టంట్ అనగానే మురిసిపోకండి. కొంప ఎక్కడ మునుగుతుందో చెప్తాను. వీమ్‌లో బ్యాకప్ ఫైలు ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్టుకి (వీఎంవేర్ వీఎంలు నడిచే అసలు సర్వర్) ఎన్‌ఎఫ్‌ఎస్ డేటాస్టోర్‌గా, అంటే నెట్‌వర్క్ మీది డిస్కులా, కనిపిస్తుంది. అది చదవడానికే. వీఎం కొత్తగా రాసేదంతా మౌంట్ సర్వర్‌లోని (బ్యాకప్‌ని తెరిచి హోస్టుకి చూపించే మెషీన్) రైట్ క్యాష్ అనే తాత్కాలిక ఫోల్డర్‌లో పడుతుంది, ఆ ఫోల్డర్ మార్చకపోతే సీ డ్రైవ్‌లోనే ఉండిపోవచ్చు.

శుక్రవారం సాయంత్రం డేటాబేస్ వీఎంని ఇలా లేపారనుకోండి. లాగిన్ అవుతోంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు, మైగ్రేషన్ (వీఎంని అసలు స్టోరేజీకి మార్చడం) సోమవారం చూద్దాం అంటారు. శనివారం రాత్రి ఇండెక్స్ రీబిల్డ్ జాబు దానంతటదే మొదలవుతుంది. గంటల్లో పదుల జీబీలు రాస్తుంది. సీ డ్రైవ్ నిండుతుంది, వీఎం బిగుసుకుపోతుంది. కంగారులో ఎవరో 'స్టాప్ పబ్లిషింగ్' నొక్కుతారు. అంతే, శుక్రవారం నుంచి ఎంటర్ చేసినదంతా పోయింది. ఆ బటన్ అర్థమే మార్పులు పారేసి దించెయ్యమని!

అందుకే ఆ ఫోల్డర్‌ని విడిగా ఒక ఎస్‌ఎస్‌డీ వాల్యూమ్‌కి మార్చండి. లేదా రికవరీ విజార్డ్‌లోనే రైట్స్‌ని మామూలు డేటాస్టోర్‌కి మళ్లించండి. వీఎం లేచిన గంటలోపే మైగ్రేషన్ మొదలవ్వాలి. డిడూప్ బాక్సు (ఒకే డేటాని రెండుసార్లు దాచకుండా చోటు మిగిల్చే స్టోరేజీ) మీదున్న బ్యాకప్ నుంచి మాత్రం లేపే ప్రయత్నం పెట్టుకోకండి, ర్యాండమ్ రీడ్స్‌కి (అక్కడొకటి ఇక్కడొకటి చదవడానికి) అది ఓర్చుకోలేదు. కనీసం చివరి వారం బ్యాకప్‌లు మామూలు వేగమైన డిస్కు మీద ఉంచండి.

జవాబు:
ప్రాక్స్‌మాక్స్‌లో ఈ క్యాష్ గొడవే లేదు. కొత్తగా రాసేది నేరుగా అసలు స్టోరేజీకే పోతుంది. గెస్ట్ ఏజెంట్ (బ్యాకప్ వేళ వీఎం లోపలి ఓఎస్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రామ్) ఒక్కటి చూసుకోండి: వీఎం ఆప్షన్లలో ఆన్ చేస్తే చాలదు, లోపల ఓఎస్‌లో కూడా ఇన్‌స్టాల్ చేయాలి. లేకపోతే బ్యాకప్ వేళ ఫైల్ సిస్టమ్ ఫ్రీజ్ కాదు (రాతలు కాసేపు ఆగవు), కరెంటు పోయినప్పటి స్థితిలోనే బ్యాకప్ వస్తుంది. అయినా పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లు తమ లాగులు (మార్పుల చిట్టా) చదువుకుని లేస్తాయి, భయం లేదు.

జవాబు:
పై అన్నగారు సగమే చెప్పారు. లైవ్ రీస్టోర్ మధ్యలో బ్యాకప్ సర్వర్‌తో లింకు తెగితే, అప్పటిదాకా వీఎం రాసింది పోతుంది, మళ్లీ మొదటి నుంచి చేయాలి. పోస్ట్‌గ్రెస్ లేస్తుందన్నది కూడా డేటా డిస్కూ, లాగ్ డిస్కూ రెండూ ఒకే బ్యాకప్‌లో ఉంటేనే. లాగ్ డిస్కుకి 'బ్యాకప్' టిక్ తీసేసి ఉంటే ఏం చదువుకుని లేస్తుంది? వీఎంవేర్‌లోనూ 'ఇండిపెండెంట్' అని పెట్టిన డిస్కులు స్నాప్‌షాట్‌లోకి (బ్యాకప్ కోసం తీసే ఆ క్షణపు నకలు) రావు. ప్రతి వీఎంకీ డిస్కు డిస్కూ తెరిచి చూడాల్సిందే.

జవాబు:
మీ ఇద్దరి వాదన బాగానే ఉంది కానీ, లేచిన వీఎం నెట్‌వర్క్ మీదకి రాకపోతే ఏం లాభం? మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) మారితే డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (దానికని కేటాయించిన ఐపీ) దొరకదు, లినక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరు మారితే ఐపీ రాదు. ఎఫ్‌స్టాబ్‌లో (లినక్స్ బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కు ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైలు) డిస్కు పేర్లు కాకుండా యూయూఐడీలు (మారని గుర్తింపు నంబర్లు) పెట్టండి. బ్యాకప్ సర్వర్‌ని డొమైన్‌లో కలపకండి: ఆఫీసు ఖాతాలన్నీ చూసే డొమైన్ కంట్రోలర్ పడిన రోజు ఆ ఖాతాలతో దాంట్లోకి లాగిన్ అవ్వలేకపోవచ్చు. ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్, బిట్‌లాకర్ (విండోస్ డిస్కు తాళం) రికవరీ కీలు ఆ వీఎంల బయట, కాగితం మీదైనా సరే, ఉండాలి. ట్రయల్ వేసేటప్పుడు అప్‌లింక్ లేని (ఆఫీసు నెట్‌వర్క్‌తో కలవని) స్విచ్ మీదే లేపండి, లేకపోతే ఒకే ఐపీతో రెండు సర్వర్లు కొట్టుకుంటాయి.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. మాది హైపర్-వీ (వీఎంలు నడిపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్). ముందే చెప్పాల్సింది.

జవాబు:
చెప్తే ఇన్ని సంగతులు వచ్చేవా! అయితే ఎన్‌ఎఫ్‌ఎస్ మాట వదిలెయ్యి, అది వీఎంవేర్ సంగతి. ప్రతి వీఎం సెట్టింగ్స్‌లో ఇంటిగ్రేషన్ సర్వీసెస్ కింద బ్యాకప్ టిక్ ఉందా చూడు. చెక్‌పాయింట్ (హైపర్-వీలో స్నాప్‌షాట్ పేరు) 'ప్రొడక్షన్' రకంగా ఉండాలి. విండోస్ సర్వర్ 2016 వెర్షన్ నుంచి డిఫాల్ట్ అదే, పాత సర్వర్ నుంచి తెచ్చిన వీఎంలని మాత్రం తెరిచి చూసుకో. పాస్‌త్రూ డిస్కులు (వీఎంకి నేరుగా ఇచ్చిన అసలు డిస్కులు) ఉంటే వీహెచ్‌డీఎక్స్‌కి (హైపర్-వీ డిస్కు ఫైలు) మార్చెయ్యి, అవి చెక్‌పాయింట్‌లోకి రావు. మ్యాక్ స్టాటిక్ చెయ్యి. ఏ వీఎం జనరేషన్ (హైపర్-వీలో వీఎం రకం) 1, ఏది 2 అన్నది రాసిపెట్టుకో. రేపు డిస్కు ఒక్కటే దొరికి కొత్త వీఎంకి తగిలించాల్సి వస్తే, జనరేషన్ తప్పితే బూట్ అవ్వదు, తర్వాత మార్చడానికి సెట్టింగ్ కూడా లేదు. లేపడానికి రెండో హోస్టులో ర్యామ్ ఖాళీ ఎంతుందో చూసి చెప్పు, మిగతాది అప్పుడు మాట్లాడదాం.