ఆరాధనలో అందరూ ఏడుస్తున్నారు, నాకు మాత్రం ఏమీ అనిపించట్లేదు.. దేవుని సన్నిధి అంటే అసలు ఏంటి?

గునుపూర్ కుర్రాడు:
అందరికీ వందనాలు. చాలా రోజులుగా అడుగుదామనుకుని ఆగిపోతున్నా, చర్చిలో అడిగితే విశ్వాసంలో చల్లారిపోయాడు అంటారని భయం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఉద్యోగం వల్ల రెండేళ్ల నుంచి గునుపూర్‌లో ఉంటున్నా, ఇక్కడ తెలుగువాళ్ల సంఘం ఒకటుంటే అందులో చేరా. అందరూ మంచోళ్లే. ముందు స్పీడ్ పాటలు, తర్వాత స్లో పాటలు, ఆ స్లో పాట రెండో చరణానికి వచ్చేసరికి చుట్టూ చేతులెత్తి ఏడుస్తుంటారు, నా పక్కన నిలబడే అన్నయ్య అయితే మోకాళ్ల మీద పడిపోతాడు. నేను కళ్లు మూసుకుంటే ఫ్యాన్ చప్పుడు, రూముకెళ్లి బట్టలుతుక్కోవాలి, ఇవే. ఒకసారి సిగ్గేసి ఏడుపు మొహం పెట్టా కూడా. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు, దేవుడి ముందు కూడా యాక్టింగా అని.

ఇంకోటి చెప్పాలి. క్రిస్మస్ ముందు ఫ్రెండ్‌తో గుమ్మ వైపు కొండ మీద సవర గిరిజనుల ఊరెళ్లా. చిన్న చర్చి, కరెంటు లేదు, మైకు లేదు, చేత్తో వాయించే డప్పులాంటిది ఒకటే. సవర భాష నాకు ఒక్క ముక్క రాదు, యేసు అన్న పేరు తప్ప ఏదీ అర్థం కాలేదు, కానీ వాళ్లు పాడుతుంటే గొంతులో ఏదో అడ్డుపడి బయటికొచ్చి గోడకానుకుని ఏడ్చేశా, మా నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అది సన్నిధేనా, లేక చలి, చీకటి, కొత్త ఊరు వల్ల అలా అయిందా?

విజయధ్వని:
ప్రైజ్ ది లార్డ్ బ్రదర్. నీలో ఒప్పుకోని పాపం ఏదో అడ్డుంది. మూడు రోజులు ఉపవాసం పెట్టు, అన్నీ తెరుచుకుంటాయి. ఆమెన్.

రాయగడ కీబోర్డు:
పైన అన్నయ్యా, కుర్రోడు అడిగిందేటి, మీరు చెప్పిందేటి? పాపం ఉంటే కొండ మీద ఏడుపెలా వచ్చింది మరి.

తమ్ముడూ, నేను చర్చిలో పదకొండేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నా, లోపలి సంగతి చెప్తా, ఎవరూ తిట్టుకోవద్దు. పాస్టర్ గారు ప్రార్థన మొదలెట్టగానే కింద ప్యాడ్ సౌండ్, అదే ఆగకుండా సాగే మెత్తటి స్వరం, పెడతాను, ఆయన గొంతు పెరిగేకొద్దీ వాల్యూమ్ మెల్లగా ఎత్తుతాను, చివరి పల్లవికి స్కేలు ఒక మెట్టు పైకి తీసుకెళ్తే హాల్లో సగం చేతులు లేస్తాయి, ఏ ఆదివారమైనా సరే. సినిమాలో చేసేదీ ఇదే కదా. అలాగని అంతా ఉత్తిదే అనను. ఎలీషా ప్రవక్త కూడా వాయించేవాణ్ని పిలిపించుకున్నాడు, వాడు వాయిస్తుంటేనే యెహోవా హస్తం ఆయన మీదికొచ్చింది, రెండో రాజులు 3లో ఉంది చూడు. దావీదు వాయిస్తేనే సౌలుకి నెమ్మది దొరికింది. వాయిద్యం తలుపు తీస్తాది గానీ లోపలికి ఎవరొచ్చారో అది చెప్పలేదు, నాకూ తెలీదు.

ఒక ఆదివారం కరెంటు పోయి ఇన్వర్టరు కూడా చచ్చిపోయింది. రెండు నిమిషాలు ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు, ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటున్నాం, నేనైతే వైర్లు పీకి పెడుతున్నా. వెనక బెంచీలో పళ్లు లేని ఒక ముసలమ్మ పాత కీర్తన ఎత్తుకుంది, శృతీ లేదు పాడూ లేదు. నేను వైరు వదిలేసి కింద కూర్చుండిపోయా. ఇన్నేళ్లలో నేను వాయించకుండా ఆరాధించింది ఆ ఒక్క రోజే.

బరంపురం అక్క:
బాబూ, ముందు ఆ యాక్టింగ్ సంగతి వదిలెయ్, మేమందరం ఎప్పుడో ఒకప్పుడు చేసినోళ్లమే.

హన్నా కథ తెలుసు కదా. గుడిలో మనసులోనే ప్రార్థించుకుంటోంది, పెదవులు కదిలాయి గానీ స్వరం రాలేదు, ఏలీ చూసి తాగి వచ్చావా అన్నాడు. యాజకుడే పొరపాటు పడితే ఇంక నీ చేతులు లేచాయా లేదా అని లెక్కపెట్టేవాళ్లకేం తెలుస్తుంది? యాకోబు అయితే నిద్ర లేచాక గానీ దేవుడు ఈ చోటే ఉన్నాడని తెలుసుకోలేదు, ఉన్నంతసేపూ తలకింద రాయే.

కొండ మీద నీకు భాష అడ్డు రాకపోవడంలో నాకేమీ వింత లేదు. ఆ సవర కొండల్లో కెనడా బాప్టిస్టు మిషనరీలు పనిచేశారు, సెరంగోలో ఆసుపత్రి కూడా వాళ్లదే, అక్కడ పాట బతికింది మైకులతో కాదు. మీ పర్లాకిమిడి తాలూకాలోనే 1803లో పుట్టారు పురుషోత్తమ చౌదరి గారు, 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకున్నారు, ఈ రోజుకీ మనం పాడే కీర్తనలు ఎన్నో ఆయనవే. కీర్తనల పుస్తకం తీసి చూడు, పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి, ఇప్పుడు అవెవరూ చూడరులే.

ఒక్కటి అడుగుతా, ఏమీ అనుకోకు. నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు అన్నావు. ఆయన సంగతి ఇక్కడ ఎవరూ అడగలేదు బాబూ, నువ్వే తెచ్చావు.

గునుపూర్ కుర్రాడు:
అక్కా మీ మెసేజ్ పొద్దున బస్సులో చదివా, అప్పట్నుంచీ రిప్లై పెట్టలేకపోయా.

నాన్న పర్లాకిమిడిలో మా చర్చిలో డోలక్ వాయించేవారు, నేను ఆయన పక్కన చాప మీద కూర్చునేవాణ్ని. తర్వాత సంఘానికి ఎలక్ట్రానిక్ ప్యాడ్‌లు, డ్రమ్స్ వచ్చాయి, ఆయన్ని ఎవరూ వద్దనలేదు గానీ పిలవలేదు కూడా, మెల్లగా వెనక కుర్చీలోకి వెళ్లిపోయారు. కొండ మీద ఆ డప్పు మోగినప్పుడు నాకు ఆయన గుర్తొచ్చారని ఇప్పుడు అనిపిస్తోంది, అక్కడ మాత్రం ఆ ఆలోచనే రాలేదు. మరి ఏడ్చింది నాన్న కోసమా దేవుని సన్నిధిలోనా అంటే, రెండూ విడదీసి చెప్పడం నావల్ల కావట్లేదు.

డోలక్ ఇంకా ఇంట్లో అటక మీదే ఉంది. శనివారం ట్రైన్‌కి వెళ్తున్నా.

రాయగడ కీబోర్డు:
ఎందుకు విడదియ్యడం.
అన్నేళ్లు అటక మీదుంటే తోలు వదులైపోయుంటాది తమ్ముడూ, దించిన వెంటనే వాయించీకు, కాసేపు ఎండ చూపించి తాళ్లు బిగించు. ఎలకలు కొరికేశాయేమో కూడా చూసుకో.