నాయన సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేస్తున్నాం, మిలిటరీ సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి

పెద్దకూతురు, బంగారుపాళ్యం:

అందరికీ నమస్కారం. వచ్చే నెలకు మా నాయన పోయి సంవత్సరం. ఆరోజు భోజనాలకు వచ్చేవాళ్ల చేతిలో పెట్టేదానికి ఆయన గురించి చిన్న పుస్తకం వేద్దామని నేనూ తమ్ముళ్లూ అనుకున్నాం. ఇంటి సంగతులు రాయడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు. మిలిటరీ సంగతుల దగ్గరే పెన్ను ఆగిపోతా ఉంది.

నాయన 1966లో మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో, అంటే సైన్యంలో ఇంజనీర్ల దళంలో చేరినాడు. ట్రైనింగు బెంగళూరులో. 1983లో హవల్దారుగా ఇంటికి వచ్చేసినాడు. డిశ్చార్జి బుక్కులో మెడల్స్ రాసేచోట పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ అని ఉంది. యుద్ధం గురించి మేమెప్పుడు కదిలించినా "పని ఉండె, చేసినాం, వచ్చినాం" అనేవాడు. అంతకు మించి మాట రాదు.

మా అమ్మ ఇప్పటికీ ఒక మాట అడుగుతా ఉంటుంది. యుద్ధం 1971 డిసెంబర్‌లోనే అయిపోయింది కదా, మీ నాయన 1972 దీపావళికి గానీ ఇంటికి ఎందుకు రాలేదు అని. నేను 1972 మార్చిలో పుట్టినాను. ఆయన నన్ను మొదట చూసేసరికి పాకుతా ఉన్నానంట. ఆ నడుమంతా 56 ఏపీవో (సైన్యం పోస్టాఫీసు) అడ్రసుతో ఇన్‌లాండ్ లెటర్లు, మనియార్డర్లు వస్తానే ఉండేవి. కానీ ఊళ్లో నోళ్లు ఊరుకోవు కదా, ఏదో అయిందని, దాస్తున్నారని అన్నారంట. అమ్మకు అప్పట్లో చదువు రాదు. పోస్టుమేను తిన్నె మీద కూర్చుని జాబు పైకి చదివితే చుట్టుపక్కల వాళ్లంతా వినేవాళ్లు. మొగుడు రాసిన మాటలు ఊరంతా వినడం ఇష్టం లేక, నన్ను ఒళ్లో వేసుకుని ఎదురింటి అయివారి భార్య దగ్గర అక్షరాలు నేర్చుకుంది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నాయన జాబుల్లో అక్షరాలు మారిపోయినాయి. ఒక్కొక్కటి బొద్దుగా, విడివిడిగా, ఒకటో తరగతి పిల్లల పలకమీద రాసి ఇచ్చినట్టు ఉంటాయి. ఒత్తులున్న మాట వస్తే ఇంకా పెద్దగా రాసేవాడు. ఆ జాబులన్నీ ఆయన నల్ల ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

ఇంకొకటి చెప్పాల. మా పక్క బావుల్లో బండ పడితే తూటాలు పెట్టి పేలుస్తారు, మీకు తెలిసిందే. మాదే కాదు, చుట్టుపక్కల ఎవరి బావి అయినా నాయన అక్కడికి పోయేవాడు. ఎన్ని తూటాలు పెట్టినారో ముందే అడిగి, పేలేటప్పుడు వేళ్లు మడుస్తా లెక్కపెట్టేవాడు. ఒక తడవ ఎనిమిది పెడితే ఏడే పేలినాయి. రెండు ఒకేసారి పేలుంటాయిలే అని బండ పనోళ్లు దిగబోతే ఆయన గట్టుమీద అడ్డం కూర్చున్నాడు. పైరు ఎండిపోతా ఉందని బావి గలాయన ఎంత అరిచినా లేవలేదు. అన్నం క్యారియర్ నేనే తీసుకుపోయినాను. తెల్లారి ఆయనే ముందు దిగి, పేలని తూటా చూపించినాడు.

నా ప్రశ్న ఇంతే. 1972లో ఆయన అక్కడ ఏం చేస్తా ఉండినాడో తెలుసుకునే దారి ఉందా? ఈ జాబులు, బావి కథలు మిలిటరీ మనిషి పుస్తకంలో వేయొచ్చునా? మా పెద్దతమ్ముడు వద్దంటున్నాడు.

తిరుపతి నుంచి ఒక పాఠకుడు:

మీ తమ్ముడి మాటే నాకు సబబుగా అనిపిస్తోందండీ. చేరిన సంవత్సరం, ర్యాంకు, మెడల్స్, యూనిఫారం ఫోటో ముందుండాలి. దేశానికి చేసిన పని మొదట తెలియాలి, కుటుంబం సంగతులు వెనక పేజీల్లో రావచ్చు.

మాజీ సుబేదార్, చిత్తూరు:

అమ్మా, నేనూ మద్రాస్ శాపర్‌నే, అంటే మీ నాయన చేరిన గ్రూపువాణ్ణే. మీ నాయన కంటే చాలా వెనక చేరినవాణ్ణి. పోస్టు చదివి మా ఆవిడకు కూడా చదివి వినిపించినాను.

పశ్చిమీ స్టార్ అంటే పడమటి సరిహద్దులో ఉన్నవాళ్లకు ఇచ్చింది. తూర్పువైపు వాళ్లకు పూర్వీ స్టార్. ఢాకాలో డిసెంబర్ 16వ తేదీ పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, పడమట 17 రాత్రి 8 గంటలకు కాల్పులు ఆగినాయి. షకర్‌గఢ్ వైపు బసంతర్ ఏటి దగ్గర శత్రువు మైన్లు (నేలలో పాతే బాంబులు) పరిచిన నేలలో ట్యాంకులకు దారి చేసింది ఇంజనీర్లే. మీ నాయన అక్కడే ఉండినాడని నేను చెప్పలేను, యూనిట్ పేరు చూస్తే గానీ తెలియదు.

మీ అమ్మ ప్రశ్నకు మాత్రం జవాబు చెబుతాను. కాల్పులు ఆగినా శాపర్ పని ఆగదు. సరిహద్దు పొడుగునా మనవాళ్లు పాతిన మైన్లు మళ్లీ మనవాళ్లే తీయాల. పాకిస్తాన్‌తో సిమ్లా ఒప్పందం 1972 జూలైలో అయింది, సైన్యాలు వెనక్కి రావడం ముగిసేసరికి డిసెంబర్ వచ్చింది. రైతులు మళ్లీ దున్నుకునే పొలాలు అవి. నేల మీద బోర్లా పడుకుని, ఇనుప కడ్డీని వాలుగా గుచ్చుతా, గట్టిగా తగిలితే చేత్తో మన్ను తీస్తా పోవాల. నిట్టనిలువుగా గుచ్చితే మైను నెత్తిన నొక్కినట్టే. మంచు, వాన, గడ్డి పెరిగిపోవడం, ఒకచోట పాతింది ఇంకోచోటికి జరగడం, అన్నీ ఉంటాయి. ఆ కాలంలో అటువైపున్న చాలామంది శాపర్లకు ఇదే పని.

ఇంక బావి సంగతి. మైన్లు పాతేటప్పుడు ఏ వరసలో ఎన్ని పాతినామో కాగితం మీద రికార్డు ఉంటుంది. తీసేటప్పుడు ఆ లెక్క సరిపోవాల. నూటికి తొంభై తొమ్మిది దొరికినాయంటే పని అయినట్టు కాదు. మిగిలిన ఒక్కటి ఎక్కడుందో తేలేదాకా ఆ నేలలోకి ఎవర్నీ వదలరు. మీ నాయన గట్టుమీద అడ్డం కూర్చున్నాడంటే నాకు ఏమీ వింత అనిపించలేదు. ఎనిమిదికి ఏడు అంటే ఏ శాపరూ లేవడు. తమ్ముడికి చెప్పు, ఆ బావి కథే ఆయన మిలిటరీ కథ. మొదటి పేజీలోనే వేయండి.

మిలిటరీ ఆయన భార్య, పుత్తూరు:

అక్కా, మీ అమ్మగారి దగ్గర ఇప్పుడే కూర్చుని అడిగి రాసుకోండి, వాయిదా వేయొద్దు. నేనూ ఇద్దరు పిల్లలతో ఒంటరిగా కాపురం నెట్టుకొచ్చినదాన్నే. లీవు రెండు నెలలు అయిపోయి కాట్పాడిలో రైలెక్కించి వచ్చిన రోజు ఇంట్లో పొయ్యి వెలిగించ బుద్ధి కాదు. ఒక జాబు ఆయన చేతిరాతతో ఉన్నదున్నట్టు ఫోటో తీసి అచ్చు వేయండి, టైపు చేయించొద్దు. ఆ పెద్ద పెద్ద అక్షరాలు చూడాలని నాకే ఆశగా ఉంది.

పెద్దకూతురు, బంగారుపాళ్యం:

సుబేదారన్నా, మీ జవాబు అమ్మకు రెండుసార్లు చదివి వినిపించినాను. ఆమె లేచిపోయి 1972 జాబుల కట్ట తీసుకొచ్చింది. ఆగస్టులో రాసిన దాంట్లో "ఇక్కడ పని కొంచెం మిగిలింది, లెక్క తేలినాక లీవు ఇస్తారు" అని ఉంది. అది డబ్బుల లెక్క అనుకున్నామని అమ్మ అంటోంది. తమ్ముడికి ఫోన్‌లో చదివినాను. బావి కథ ముందు వేయడానికి ఒప్పుకున్నాడు. పుత్తూరు చెల్లెలా, ఆ జాబే అచ్చు వేస్తాం.

తిరుపతి అన్నగారూ, యూనిఫారం ఫోటో తప్పకుండా ఉంటుంది. కవరు మీద మాత్రం ఆయన మామిడి చెట్టు కింద మనవరాలికి జడ వేస్తున్న ఫోటో వేస్తున్నాం. అది అమ్మ ఎంచుకుంది.

మాజీ సుబేదార్, చిత్తూరు:

మంచిదమ్మా. యూనిట్ల వివరాలకు బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూపు రికార్డ్స్ ఆఫీసుకు మీ అమ్మ సంతకంతోనే అర్జీ పెట్టండి. ఆయన ఆర్మీ నంబరు, డిశ్చార్జి బుక్కు జిరాక్సు, మరణ ధ్రువపత్రం జత చేయండి. బుక్కులో మీ అమ్మ పేరు ఎట్లుందో ఆధార్‌లోనూ అట్లే ఉందా చూసుకోండి. తేడా ఉంటే ముందు చిత్తూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పోండి, ఫ్యామిలీ పెన్షన్‌కు కూడా అది అడ్డం వస్తుంది. జవాబు వచ్చేసరికి నెల దాటొచ్చు, పుస్తకంలో ఒక పేజీ ఖాళీగా పెట్టుకోండి. సంవత్సరీకం తేదీ చెప్పండి, నేనూ మా ఆవిడా వస్తాం.